కడుపు మాడ్చే మందు

జూన్ 3

చెల్లికి,

నాన్న చేసిన పడవకి నువ్వు బొక్క పెట్టి పదకొండేళ్ళయింది. నేను మర్చిపోయానని నువ్వనుకుంటే అది నీ అమాయకత్వం. నేను పనికి పోయిన పూట చూసుకుని వచ్చావు. రంపం కూడా నాదే తీశావు. అడుగు పలకలో పళ్ళెమంత ముక్క కోసి సంచీలో వేసుకుని పోయావు. పోతూ పోతూ మీ వదినతో "అన్నయ్యకి చెప్పు, సైన్సు కోసం" అన్నావట. సైన్సు కోసమైతే నీ ఇంటి తలుపు కోసుకోవాలి. నాన్న చేత్తో చెక్కిన ఆఖరి పడవ అది. ఎప్పటికైనా మళ్ళీ నీళ్ళలో దింపుదామని ఏటేటా తారు పూసుకుంటూ వచ్చినవాణ్ణి నేను. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఆ బొక్కలోంచి మా కోడిపెట్ట తల బయట పెట్టి నన్నే చూస్తోంది.

ఆ రోజే ఒట్టేసుకున్నాను, నీతో మాట్లాడనని. మాట్లాడలేదు. మీ వదిన పోయినప్పుడు నువ్వొచ్చి గుమ్మంలో నిలబడితే కూడా మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడటం లేదు, రాస్తున్నాను. రాయనని ఒట్టు వెయ్యలేదు.

నా చదువు సంగతి నీకు తెలుసు. మూడో తరగతిలో మాస్టారు చెవి మెలేస్తే బడి మానేసి నాన్న వెనక పడవల పనికి పోయాను. అక్షరాలు వంకరగా ఉంటే కాగితం తిప్పుకుని చదువుకో.

అసలు సంగతి ఇది. మన గడుగ్గాయికి, అంటే నా కొడుకు కూతురికి, రక్తంలో క్యాన్సర్ వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. మార్చి నుంచి ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతున్నాం. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. జుట్టంతా ఊడిపోయింది. అద్దం ముందు నిలబడి "తాతా, నేనూ నీలాగే అయిపోయాను" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి పెరట్లోకి పోయాను.

మందులు పని చేస్తున్నాయన్నారు. వాటిలో ఒక సూది చాలా ముఖ్యమట. అది మొదటిసారి బాగానే వేశారు. రెండోసారి వెయ్యగానే పిల్ల ఒళ్ళంతా దద్దుర్లు లేచి, మొహం వాచి, గొంతు పూడుకుపోయింది. ఊపిరి అందక నా వైపు చూసింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు. నన్ను పక్కకి నెట్టారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, వాన వస్తే ఎక్కడ పెట్టాలో తెలియని సామానులాగా. బతికింది. కానీ ఆ సూది ఇంక ఈ జన్మలో వెయ్యకూడదన్నాడు డాక్టరు. దాని బదులు ఇంకో రకం ఉందట, వాళ్ళ దగ్గర లేదట, ఎక్కడా దొరకడం లేదట. "అది లేకుండానే లాక్కొద్దాం పెద్దాయనా" అన్నాడు. లాక్కురావడానికి అది పిల్లా, తాడు కట్టిన పడవా?

మొన్న కొడుకు ఫోనులో నీ ఫోటో చూపించాడు. తెల్ల కోటు, చేతిలో గాజు పళ్ళెం. సముద్రంలో నానిన చెక్కకి పట్టే బూజులోంచి క్యాన్సర్ మందు తీస్తున్నావట. పిల్లకి పడని ఆ మందే, కానీ ఒళ్ళు తిరగబడని రకం కావచ్చట. వాడు చదువుతుంటే నాకు వెంటనే తెలిసిపోయింది. ఆ చెక్క నాన్న పడవదే. ఇంకెక్కడిది?

కాబట్టి ఆ బూజు మా ఇంటిది. ఆ మందు మా ఇంటి పిల్లది. ఒక సీసా పంపు. పంపితే పడవ సంగతి మళ్ళీ ఎత్తను.

మీ అన్న


జూన్ 9

అన్నయ్యకి,

కవరు మీద నీ చేతిరాత చూసి ఎవరో పోయారనుకున్నాను. నిలబడి విప్పాను, చదువుతూ చదువుతూ కూర్చున్నాను. మార్చిలో మొదలైన జబ్బు నాకు జూన్‌లో తెలియాలా? మేనల్లుడు కూడా నాకు చెప్పలేదంటే ఆ ఇంట్లో నీ మాట ఇంకా అంత చెల్లుతోందన్నమాట.

పడవ గురించి తర్వాత పోట్లాడుకుందాం. ముందు నిజం రాస్తాను, నీకు కోపం వచ్చినా సరే. నాన్న పడవ ముక్కలోంచి మాకు ఏమీ మొలవలేదు. నువ్వు ఏటేటా పట్టించిన తారుకి అందులో ఏ శిలీంధ్రమూ, అంటే నువ్వనే బూజు, బతకలేదు. ఇప్పుడు మేం పని చేస్తున్నది వేరే రేవులో, ఉప్పునీళ్ళలో పాతిన ఒక కొయ్య స్తంభం మీద దొరికింది.

రెండో నిజం. నా దగ్గర ఉన్నది మందు కాదు. ఆ శిలీంధ్రాన్ని సీసాల్లో పెంచి, అది వదిలే ఎంజైమ్‌ని వడగట్టి, శుభ్రం చేసి, గాజు పళ్ళెంలో ఉన్న క్యాన్సర్ కణాల మీద వేసి చూస్తున్నాం. చస్తున్నాయి. కానీ పళ్ళెంలో చావడం వేరు, మనిషి ఒంట్లో చావడం వేరు. ఇంకా ఎలుక మీద కూడా వెయ్యలేదు. మనిషి దాకా రావాలంటే ఏళ్ళు పడుతుంది, అసలు రాకపోవచ్చు. పేపరువాళ్ళకి "కావచ్చు" అని చెప్తే "అయిపోయింది" అని వినబడుతుంది.

అది ఏం చేస్తుందో నీకు తెలిస్తే నన్ను నమ్ముతావేమో. మన ఒంట్లో కణాలకి ఒక పోషకం కావాలి. మంచి కణం తనకి కావలసింది తనే వండుకుంటుంది. ఈ క్యాన్సర్ కణానికి వంట రాదు. రక్తంలో తిరిగేదాన్ని ఎత్తుకుని తింటుంది. ఈ ఎంజైమ్ రక్తంలో ఉన్న ఆ పోషకాన్ని విరిచి పారేస్తుంది. అప్పుడు తిండి అందక, కడుపు మాడి చస్తుంది ఆ కణం. పిల్లకి వేసిన సూది చేసే పనీ ఇదే. కాకపోతే దాన్ని ఒక బాక్టీరియా నుంచి తీస్తారు. పిల్ల ఒళ్ళు దాన్ని శత్రువనుకుని తిరగబడింది.

డాక్టరు చెప్పిన ఇంకో రకం నిజంగానే ఉంది. వేరే బాక్టీరియా నుంచి తీస్తారు. దాని కోసం వెతుకుతున్నాను. ఈ ఊరి పెద్దాసుపత్రిలో పిల్లల క్యాన్సర్ డాక్టరమ్మ నాతో చదువుకుంది. రోజూ వెళ్ళి దాని ప్రాణం తీస్తాను.

ఆదివారం పొద్దున ఫోను చేస్తాను. నీ ఒట్టు చెడగొట్టను. నువ్వు మాట్లాడక్కర్లేదు, ఎత్తితే చాలు.

నీ చెల్లి


జూన్ 15

చెల్లికి,

ఫోను ఎత్తాను. నువ్వు చెప్పిందంతా విన్నాను. ఏడ్చింది కూడా విన్నాను. మధ్యలో నేను దగ్గింది జవాబు కాదు, దగ్గే.

నాన్న పడవలోంచి ఏమీ మొలవలేదంటావు. అది కూడా నా తారు వల్లేనట. సొమ్ము పట్టుకుపోయిన దొంగే వచ్చి తాళం బాగోలేదన్నట్టుంది. సరే. ఎలుక మీద ఇంకా వెయ్యలేదంటావు. నా మీద వెయ్యి. నేను ఎలుక కంటే పెద్దవాణ్ణి, చెప్పిన మాట వింటాను కూడా. డెబ్భై రెండేళ్ళు వాడేశాను, మిగిలింది నీ ప్రయోగానికి పనికొస్తుంది. వచ్చి మీ బల్ల మీద పడుకుంటాను. మాట్లాడను. ఎక్కించు. నాకేమీ కాకపోతే పిల్లకి ఎక్కించు. దీనికి ఏళ్ళెందుకో నాకు అర్థం కాదు.

ఒకవేళ నీకు సరుకు చాలక నాటకాలాడుతున్నావేమో అని డబ్బా పంపుతున్నాను. మా రేవులో పాత స్తంభాలకి మోకాలి లోతు కింద పట్టే నల్ల బూజు. నేనే దిగి గీకాను. కొడుకు గట్టు మీద నిలబడి "నాన్నా, ఈ వయసులో నీకు ఇదేం పని" అని అరిచాడు. ఏ వయసులో చెయ్యాల్సిన పనో వాణ్ణి చెప్పమను. చెక్కతో సహా ఉప్పునీళ్ళలోనే ఉంచాను, బస్సులో పార్శిల్ వేశాను.

నీ ఉత్తరంలో ఒక్క మాట మాత్రం నాకు పనికొచ్చింది. ఆ క్యాన్సర్ తిండి అందక చస్తుందన్న మాట. అది చదవగానే ఇన్నాళ్ళూ ఏ డాక్టరూ చెప్పనిది నువ్వు చెప్పావనిపించింది. ఎందుకంటే అది మా పని. పడవ పలకల్ని లోపల్నుంచి తొలిచే పురుగు ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టి చంపలేం, ఉలితో తియ్యలేం. పడవని ఒడ్డుకి లాగి, బోర్లించి, నీటి చుక్క అందకుండా ఎండలో పడేస్తాం. లోపలున్నది లోపలే మాడి చస్తుంది. పలకలు కాస్త బీటలిస్తాయి. ఇవ్వనీ, నూలు కూరి పూడ్చుకోవచ్చు. ముందు పురుగు చావాలి.

మందు లేదన్నారు కాబట్టి ఆ పని నేను మొదలుపెట్టాను. కొడుకు పగలంతా రేవులో క్రేను మీద ఉంటాడు. కోడలు కుట్టు మిషన్ల దగ్గర. పిల్ల నా దగ్గరే. డాక్టరు గుడ్లు, పాలు, చేప బాగా పెట్టమన్నాడు. ఆయన పెట్టమన్నది ఎవరి నోట్లోకి పోతోందో నాకిప్పుడు తెలిసింది కదా. పాలలో నీళ్ళు కలుపుతున్నాను. గుడ్డు వీధి కుక్కకి వేస్తున్నాను. కోడలు పొద్దున్నే కట్టి పెట్టిన డబ్బాలో పిల్లకి రెండు ముద్దలు పెట్టి మిగతాది నేనే తింటున్నాను. నాకు ముద్ద సహించడం లేదు. అయినా తింటున్నాను, మిగిల్చితే కోడలు అడుగుతుంది.

పిల్ల "తాతా, ఆకలి" అంటుంది. "నీక్కాదే, లోపలున్నదానికి ఆకలి. దానికి పెట్టకూడదు. దాన్ని మాడ్చేద్దాం, ఎవరికీ చెప్పకు" అన్నాను. "అయితే నాకు ఎప్పుడు ఆకలేస్తుంది?" అంది. కథ చెప్పాను.

చిక్కింది. ఆటలు మానేసి నా ఒళ్ళోనే పడుకుంటోంది. దాంతోపాటు అదీ చిక్కుతోందని నా నమ్మకం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దారి చూపించింది నువ్వు కాబట్టి నీకు చెప్తున్నాను.

మీ అన్న


జూన్ 18

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, డబ్బా మాత్రం వచ్చింది. మూత చుట్టూ నూలు కూరి తారు పూశావు, పడవ అనుకున్నావా? అయినా కారింది. కింద ఎవరిదో పరుపు పార్శిల్ ఉంది, అది పాడైంది. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి "ఏంటమ్మా లోపల, ఎవరైనా పోయారా?" అన్నాడు. "బూజు బాబూ" అన్నాను. "బూజు పార్శిల్లో తెప్పించుకుంటున్నారా? మా ఇంటికి రావాల్సింది, ఊరికే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. ఈ పది రోజుల్లో నేను నవ్వింది అప్పుడే.

నీ బూజుని పరీక్షకి పెట్టాం. మొలిస్తే రాస్తాను. దాంతో పిల్లకి ఒరిగేది ఏమీ లేదని మళ్ళీ రాస్తున్నాను, ఆశ పెట్టుకోకు.

ఆశ పెట్టుకోవలసింది ఇంకో చోట ఉంది. నేను చెప్పిన ఆ రెండో రకం మందు నెలాఖరుకి ఇక్కడి పెద్దాసుపత్రికి కొంచెం వస్తోంది. ఒక పిల్లకి సరిపడా పక్కన పెడతానని నా స్నేహితురాలు ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది, రోజూ దాని గది ముందే కూర్చుంటున్నాను. కాకపోతే ఒక షరతు. పిల్ల ఒళ్ళు తట్టుకునేలా ఉండాలి. బరువు పడిపోయినా, రక్తంలో బలం తగ్గినా వాళ్ళు వెయ్యరు, ఆ మందు వరసలో ఉన్న ఇంకో పిల్లకి పోతుంది.

పగలంతా నీ దగ్గరే ఉంటుందని మేనల్లుడు చెప్పాడు. అందుకే నాకు ధైర్యంగా ఉంది. నా చిన్నప్పుడు జ్వరం వస్తే నా ముక్కు మూసి, నోరు తెరిపించి కుక్కేవాడివి. అలాగే కుక్కు. ఏడిస్తే ఏడవనీ.

నీ చెల్లి


జూన్ 20

అన్నయ్యా,

నీ 15వ తేదీ ఉత్తరం ఇప్పుడే అందింది. నీకు చేసిన ఫోను నువ్వు ఎత్తలేదు. మేనల్లుడికి చేశాను. ఈ కాగితం నీకు చేరేసరికి వాడు వచ్చి ఉంటాడు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే పిల్ల చేతిలోంచి తిండి ఎందుకు లాక్కోకూడదో నీకు నువ్వుగా అర్థం కాకపోతే రేపు మళ్ళీ మొదలుపెడతావు.

ఆ పోషకం గుడ్డులోంచీ పాలలోంచీ మాత్రమే రాదు. తిండి ఆపేస్తే ఒళ్ళు తన కండ తనే కరిగించుకుని దాన్ని రక్తంలోకి పంపుతూనే ఉంటుంది. క్యాన్సర్ తింటూనే ఉంటుంది. మాడేది పిల్ల ఒక్కతే. తిండి మానిపించి దాన్ని చంపడం ఎవరివల్లా కాదు. రక్తంలోకి దిగి ఆ ఒక్కదాన్నే ఏరి విరగ్గొట్టడానికే ఆ సూది.

పిల్ల పడవ కాదు అన్నయ్యా. బీటలిస్తే కూరడానికి నూలు లేదు.

పెట్టు. ఈ పూట నుంచే పెట్టు.

చెల్లి


జూన్ 27

చెల్లికి,

నువ్వు ఫోను చేసిన మధ్యాహ్నం కొడుకు క్రేను దిగి డ్యూటీ బట్టలతోనే ఇంటికొచ్చాడు. పిల్ల నా ఒళ్ళో ఉంది. వాడు డబ్బా మూత తీశాడు. ఖాళీ. "ఎవరు తిన్నారు నాన్నా?" అన్నాడు. "నేను" అన్నాను. నేను వాడికి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. వంగి పిల్లని ఎత్తుకున్నాడు. ఎత్తుకోగానే వాడి మొహం మారిపోయింది. చేతులకి బరువు తెలిసింది.

ఆసుపత్రిలో చేర్చారు. సన్నటి చేతికి సీసా ఎక్కించారు. కోడలు మిషన్ల దగ్గర్నుంచి వచ్చింది, మెళ్ళో టేపు అలాగే ఉంది. నా ముందుకొచ్చి "రోజూ పొద్దున్నే లేచి కట్టిన డబ్బా మామయ్యగారూ" అంది. అంతే. తిడితే బాగుండేది. తిట్లకైతే నా దగ్గర జవాబులున్నాయి.

నన్ను లోపలికి రావద్దంది. వార్డు బయట బెంచీ ఉంది, ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. దాని మీదే ఉన్నాను. లోపల జరిగింది నాకు నర్సు చెప్పింది. పిల్ల తినడం లేదట. గుడ్డు పెడితే పెదాలు బిగించిందట. పాలు పడితే ఉమ్మేసిందట. తల్లి బతిమాలింది, తండ్రి గద్దించాడు, డాక్టరు బొమ్మ తెచ్చిచ్చాడు. ఎవరికీ నోరు తెరవలేదు, ఎందుకో చెప్పలేదు. ఎవరికీ చెప్పకని నేనన్నాను కదా. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోంది.

రెండో రోజు సాయంత్రం కోడలే తలుపు తీసి వచ్చింది. నా మొహం చూడకుండా "రండి" అంది. పోయాను. పిల్ల నన్ను చూసి మొహమంతా వెలిగించుకుని, దగ్గరికి రమ్మని, నా చెవిలో "తాతా, నేను దానికి ఏమీ పెట్టలేదు" అంది.

నా డెబ్భై రెండేళ్ళలో తప్పు చెప్పానని ఎవరితోనూ అనలేదు. నీకూ తెలుసు. ఆరేళ్ళదానితో అన్నాను. "తాత తప్పు చెప్పాడే. అది అలా చావదు. నువ్వు తినాలి" అన్నాను. నమ్మలేదు. "నీకెవరు చెప్పారు?" అంది. "మా చెల్లి" అన్నాను. "ఆవిడకేం తెలుసు?" అంది. "దాని గురించి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు" అన్నాను. కోడలు అప్పుడు నా వైపు చూసింది. పిల్ల నోరు తెరిచింది. సగం గుడ్డు తింది. మిగతా సగం నాకు పెట్టబోయింది. ఆ గదిలో ఇంకొక్క క్షణం ఉండలేకపోయాను.

నీ మీద నాకు కోపం ఉంది. కడుపు మాడి చచ్చేది ఎవరో, ఎవరు కాదో, నాలాంటివాడికి విడమరిచి రాయాలి. తెల్ల కోటు వేసుకున్నవాళ్ళకి రాసినట్టు రాస్తే నేను నాకు తెలిసిన పనే చేస్తాను.

నెలాఖరన్నావు. బరువు పడిపోయింది. ఆ మందు ఇంకో పిల్లకి పోయిందా? దాచకుండా రాయి.

మీ అన్న


జూలై 4

అన్నయ్యకి,

పోయింది. మంగళవారం వచ్చింది, బుధవారం ఇంకో పిల్లవాడికి మొదలుపెట్టారు. వాడికి నాలుగేళ్ళు. వాడి తల్లి నన్ను చూసి నమస్కారం పెట్టింది, ఎవరి వాటాయో తెలియక. నేనూ పెట్టాను.

నువ్వన్నది ఒప్పుకుంటాను, విడమరిచి రాయాల్సింది. పాతికేళ్ళుగా కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్తున్నాను, అర్థమైందా అని అడుగుతూనే ఉంటాను. నిన్ను అడగలేదు.

ఇప్పుడు విను. ఈ నెల మధ్యలో ఇంకొంచెం వస్తోంది. అదే ఆఖరు, ఆ తర్వాత ఎప్పుడో వాళ్ళకే తెలియదు. పిల్ల బరువు మెల్లిగా ఎక్కుతోందని అక్కడి డాక్టరు చెప్పాడు, కాగితాలు పంపాడు, ఇక్కడివాళ్ళు ఒప్పుకున్నారు. ఆదివారం 12వ తేదీకి ఇక్కడుండాలి. సోమవారం మొదటి సూది. కోడలూ పిల్లా నా ఇంట్లోనే ఉంటారు. ముందు గది ఖాళీ చేశాను, కిటికీకి తెర కట్టించాను. మేనల్లుడు దింపి వెళ్ళిపోతాడు, వాడికి సెలవు లేదు.

నువ్వు రావద్దు. కోడలు అడిగింది, నేను సరేనన్నాను. నువ్వు ఎదురుగా ఉంటే పిల్లకి ముద్ద పెట్టలేనంది. ఆమె మీద కోపం తెచ్చుకోకు.

ఇంకొకటి ముందే చెప్పాలి, ఈసారి విడమరిచి. ఈ మందు చాలామందికి పడుతుంది. కొందరికి ఇదీ పడదు. మొదటి సూది వేశాక గంటసేపు ఒళ్ళు చూస్తూ కూర్చుంటారు. దద్దుర్లు లేవకపోతే కొనసాగిస్తారు. లేస్తే అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత ఈ పని చేసే మందు ఇంకొకటి లేదు. మిగతా మందులతోనే నెట్టుకురావాలి, ఇది లేకుండా జబ్బు తిరిగొచ్చే భయం ఎక్కువ. నా పళ్ళెంలోది అప్పటికి అందదు. నీ డబ్బాలోంచి రెండు రకాలు మొలిచాయి. రెండూ మాకు కావలసిన ఎంజైమ్ వదలడం లేదు.

రోజూ పొద్దున ఆ సీసాల ముందు నిలబడితే ఇంతకాలం ఇంత మెల్లిగా ఎందుకు నడిచానా అనిపిస్తోంది. తొందరపడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. రెండూ తెలిసి నిలబడటం కష్టంగా ఉంది అన్నయ్యా.

నీ చెల్లి


జూలై 11

చెల్లికి,

ఈ ఉత్తరం పిల్ల బట్టల సంచీలో అడుగున పెడుతున్నాను. రేపు నీ ఇంటికొచ్చాక నువ్వే సంచీ విప్పు, కోడల్ని విప్పనీకు. చూస్తే చించినా చించుతుంది. చించే హక్కు ఆమెకుంది.

రావద్దన్నావు, రాను. బతిమాలుకోవడానికి రాయడం లేదు.

పిల్ల సంగతులు కొన్ని ఉన్నాయి, తల్లికి తెలియనివి. మాత్ర మింగనంటే నువ్వు ముందు మింగినట్టు నటించి మొహం వికారంగా పెట్టు, నవ్వి మింగేస్తుంది. నిద్రలో కాలు ఎవరి మీదైనా వెయ్యాలి, లేకపోతే లేచి కూర్చుంటుంది. నెప్పి పుడితే ఏడవదు, ఊరికే కబుర్లు చెప్తుంది. ఎక్కువ కబుర్లు చెప్తే డాక్టర్ని పిలువు. అన్నం ముందు పెట్టాక నీ వైపు ఒకసారి చూస్తుంది, తినొచ్చా అని. ఇప్పటికీ చూస్తుంది. తల ఊపు. తల ఊపకపోతే తినదు. ఆ చూపు దానికి నేను నేర్పాను, ఎలా మాన్పించాలో నాకు తెలియడం లేదు.

"తాతా, నువ్వు రావా?" అని పొద్దున్నుంచి అడుగుతోంది. పడవ పనుందని చెప్పాను. ఏ పనీ లేదు. ఇప్పుడెవరూ చెక్క పడవలు చేయించుకోవడం లేదు.

నీ ఉత్తరంలో ఆ గంట గురించి రాసింది నేను చాలాసార్లు కూడబలుక్కుని చదివాను. ఇంతకుముందు ఆ గదిలో నేనున్నాను. మొదట మెడ దగ్గర ఎర్రగా రెండు మచ్చలు లేచాయి, దోమ కుట్టినట్టు. దోమే అనుకుని చేత్తో రుద్దాను. తర్వాత చూస్తుండగానే మొహం వాచింది. ఈసారి మెడ దగ్గర ముందు చూడు. నర్సుకి కూడా చెప్పు.

నాకు ఒక్క సంగతి కావాలి. దద్దుర్లు లేచాయా, లేవలేదా.

కొడుకుని అడిగితే లేచినా లేవలేదంటాడు. వాడిది మెత్తటి మనసు, మీ వదిన పోలిక. కోడలు నాతో మాట్లాడదు. డాక్టర్లు నూటికి ఇంతమంది అని అంకెలు చెప్తారు, నాకున్నది ఒక్క పిల్ల. నువ్వు మాత్రం మందు ఇంకో పిల్లవాడికి పోయిందని ఉన్నదున్నట్టు రాశావు. నా బూజు పనికిరాదని కూడా రాశావు. పదకొండేళ్ళు నిన్ను దొంగ అన్నాను, అబద్ధాలకోరు అన్నాను. ఇప్పుడు చూస్తే నాకు నిజం చెప్పే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు.

ఫోను చెయ్యకు. మొన్న నువ్వు ఏడ్చింది విన్నాను కదా, ఈసారి నీ గొంతులో ఊపిరి వినగానే పెట్టేస్తాను, ఆ తర్వాత చెప్పేది నాకు తెలియదు. కాగితం మీదైతే తప్పించుకోలేను. ఒక్కో అక్షరం చదవాలి.

పోస్టులో వేస్తే ఆలస్యం, బస్సులో పంపు. సోమవారం సూది. మంగళవారం రాయి. బుధవారం బస్సెక్కించు. గురువారం సాయంత్రం బస్సు వచ్చేసరికి నేను స్టాండులో ఉంటాను. కుశల ప్రశ్నలు వద్దు, ధైర్యం చెప్పొద్దు, ఎలా పని చేస్తుందో విడమరచొద్దు. లేచాయి అనో, లేవలేదు అనో రాసి కింద సంతకం పెట్టు.

గురువారం. శుక్రవారం వచ్చే ఉత్తరం నేను విప్పను.

మీ అన్న